చెవి వెనక మందు

నల్లదొన అడవి అని ఒక అడవి ఉండేది. కొండల నడుమ నల్లరాతి దొన, అంటే నీటిగుంట, ఒకటి ఉండడంతో దానికి ఆ పేరు వచ్చింది. అక్కడ చుక్కల దుప్పులు, కొండముచ్చులు, అడవిపందులు, కుందేళ్ళు, ఒక పునుగుపిల్లి, ఒక చిరుతపులి ఉండేవి. చిరుతతో కలిసి కాపురం ఎలా చేశాయని అడగకండి. అడవిలో ఇరుగుపొరుగును ఎంచుకునే వీలు ఎవరికీ ఉండదు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. వాగులన్నీ ఎండిపోయి, దొన అడుగున మాత్రం కాస్త బురదనీళ్ళు మిగిలాయి. జంతువులన్నీ అందులోనే దిగాయి, అందులోనే పొర్లాయి. ఒకరి ఒంటి మీది గజ్జి ఇంకొకరికి అంటుకుంది. ముందు పందులకు, తర్వాత కుందేళ్ళకు, ఆ తర్వాత దుప్పులకు వచ్చింది. అడవిలో అందరికీ గోక్కోవడమే పనైపోయింది.

పొన్ని అనే దుప్పికి ఒక్కటే కూన. దాని పేరు బుడమ. బుడమకు మెడ మీద, పొట్ట కింద గజ్జి లేచింది. ఎర్రగా పొక్కి, పొలుసులు కట్టింది. పాపం అది పాలు తాగుతూ మధ్యలో ఆగి గోక్కునేది.

గజ్జేగా, నాలుగు రోజులు గోక్కుంటే అదే పోతుందిలే అనుకుంటున్నారా? దుప్పికూనకు ఆ మాట చెల్లదు. దానికి కొమ్ములు లేవు, సరిగ్గా పరుగు కూడా రాదు. చిరుత వస్తే అది చేయగలిగింది ఒక్కటే, గడ్డిలో ముడుచుకుని కదలకుండా పడుకోవడం. కదలని కూన పక్క నుంచి నడిచిపోయినా చిరుత కంటికి అది కనబడదు. మరి గజ్జి పట్టిన కూన కదలకుండా ఎలా ఉంటుంది?

నాలుగు రోజుల కిందట పొద్దు వాలే వేళ పొన్ని చెల్లెలి కూన ఒక్కసారి, ఒకే ఒక్కసారి గోక్కుంది. గడ్డి సర్రున కదిలింది. చిరుతకు అది చాలింది. ఆ తల్లి ఇప్పటికీ రోజూ ఆ గడ్డి దగ్గరికి పోయి వాసన చూసి వస్తోంది. దాన్ని చూసినప్పుడల్లా పొన్ని బుడమను దగ్గరికి లాక్కునేది.

ఒక మధ్యాహ్నం పొన్ని కూనను వెంటబెట్టుకుని తాయమ్మ దగ్గరికి వెళ్ళింది.

తాయమ్మ ముసలి కొండముచ్చు. మద్దిచెట్టు కింది బండే దాని వైద్యశాల. కానుగ గింజలు రాతితో నలగ్గొట్టి, పిండి, ఎండకు కాలిన బండ గుంటలో ఆ నూనె పోసేది. నూనె వేడెక్కాక ముదురు వేపాకు, అడవి పసుపు కొమ్ము అందులో నూరేది. ఆ ముద్దకు ఘాటైన కంపు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అలా ఈ కానుగ ముద్ద అందరికీ లోకువైపోయింది.

"అవ్వా, నా బిడ్డను చూడు," అంది పొన్ని.

తాయమ్మ కూనను ఒడిలోకి లాక్కుని మెడ కింద, పొట్ట కింద వేళ్ళతో తడిమింది. "గజ్జే. నా మందుకు పోతుంది," అంటూ మోదుగాకు దొప్పలో ముద్ద పెట్టింది.

"ఇప్పుడే ఒళ్ళంతా పూసెయ్యనా?"

"ఆగు, ఆగు. ఇవాళ దీని చెవి వెనక చుక్కంత పెట్టు. ఒక చీకటి, ఒక ఎండ గడవనీ. రేపు పొద్దు వాలేసరికి అక్కడ ఎరుపు, మంట లేకపోతే అప్పుడు ఒళ్ళంతా పూయి."

ఇది నల్లదొన ఆచారం. ఏ మందైనా ముందు చేసినవాళ్ళ చెవి వెనక, ఆ తర్వాత జబ్బు పడినవాళ్ళ చెవి వెనక పెట్టి చూడాలి. ఎన్ని మందులు అలా పెట్టి చూసుకుందో గాని, తాయమ్మ చెవుల వెనక వెంట్రుక అన్నది లేదు.

పొన్నికి ఏడుపు వచ్చింది. "రేపటిదాకానా? చీకటి పడితే చిరుత దిగుతుంది అవ్వా. అది నీ ఆచారం కోసం ఆగుతుందా?"

"ఆగదు," అంది తాయమ్మ. "చిరుత సంగతి నాకు తెలియక కాదు. కానీ పడని మందు ఒళ్ళంతా పూస్తే కూన ఒక చోట గోక్కోవడం మాని ఒళ్ళంతా గోక్కుంటుంది. అప్పుడేం చేస్తావు? సందెవేళ నేను మద్దిచెట్టు కొన మీద కూర్చుంటాను. చిరుత కనబడితే కేకేస్తాను. నా చేతనైంది అది."

పొన్ని బుడమ కుడి చెవి వెనక చుక్క పెట్టించుకుని, దొప్ప నోట కరుచుకుని బయలుదేరింది. నడుస్తున్నంతసేపూ దానికి తాయమ్మ మీద కోపంగానే ఉంది. అవ్వకేం, చెట్టు మీద పడుకుంటుంది, అనుకుంది.

పొద్దు కుంకే వేళకు ఇప్పచెట్టు తొర్ర దగ్గరికి చేరేసరికి గుప్పుమని సువాసన వచ్చింది. పునుగుపిల్లి జవ్వాది అప్పుడే నిద్ర లేచి, ఒళ్ళు విరుచుకుంటూ బయటికి వచ్చింది. జవ్వాదికి తన ఒళ్ళంటే తనకే ముద్దు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కూడా. దాని తొర్ర ముందు అడవిపంది గురవమ్మ తన పిల్లలతో, కుందేళ్ళు తమ మందతో అప్పటికే వరుస కట్టి ఉన్నాయి.

"రావే పొన్నీ. నోట్లో ఆ కంపు ఏమిటి?" అంది జవ్వాది.

"తాయమ్మవ్వ మందు."

"అయ్యో, పాపం. ఆ కంపుకు గజ్జి పోతుందో లేదో గాని నీ కూన నీ దగ్గరికి రావడం మానేస్తుంది. ఇటు చూడు." జవ్వాది అటు తిరిగి, ఇటు తిరిగి ఒళ్ళు చూపించింది. "పోయిన నెల నాకూ గజ్జి వచ్చింది. ఏదీ, ఇప్పుడు ఎక్కడుందో చూపించు."

నిజమే. పొక్కు లేదు, మచ్చ లేదు. బొచ్చు నిగనిగలాడుతోంది.

"బావంచి గింజలు నూరాను. అడవినిమ్మ రసం పిండాను. వాసనకు వట్టివేరు కలిపాను. రాసుకోగానే చల్లగా ఉంటుంది, దురద అక్కడికక్కడే ఆగుతుంది. గురవమ్మా, నువ్వు చెప్పు."

గురవమ్మ అప్పటికే పిల్లలకు పూసి, తానూ ఒళ్ళంతా పూసుకుని కళ్ళు మూసుకుంది. "స్వర్గంలా ఉందే పొన్నీ," అంది.

పొన్ని ఇంకో అడుగు దగ్గరికి వేసింది. "చెవి వెనక పెట్టి చూశావా జవ్వాదీ?"

జవ్వాది నవ్వింది. "చెవేమిటి? ఎన్ని రాత్రులుగా ఒళ్ళంతా పూసుకుంటున్నానో నా బొచ్చునడుగు. ఆ ముసలిదానికి భయం ఎక్కువ, అందుకే ఆచారమని అందరినీ ఆపుతుంది. ఆలస్యం అమృతం విషం. ఇవాళ నీ కూనకు దురద ఆగకపోతే రేపు పూయడానికి కూన ఉంటుందో లేదో నువ్వే ఆలోచించుకో."

ఆ మాట పొన్ని గుండెలో ముల్లులా దిగింది. జవ్వాది ఇచ్చిన రెండో దొప్ప కూడా తీసుకుని పరుగులాంటి నడకతో తన గడ్డికి చేరింది.

బుడమ పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. వెనక కాలితో పొట్ట కింద బరబరా గోక్కుంది. ప్రతిసారీ ఎండుగడ్డి చప్పుడు చేసింది. చప్పుడు అయినప్పుడల్లా పొన్ని చెవులు నిక్కబొడుచుకున్నాయి.

జవ్వాది దొప్ప ముందే ఉంది. దాని సువాసన ముక్కుకు తగులుతోంది. వంచితే చాలు, మందు బుడమ పొట్ట మీద పడుతుంది. పొన్ని దొప్పను పళ్ళతో పట్టుకుని పైకెత్తింది.

ఎత్తి, అలాగే ఆగిపోయింది. జవ్వాది అబద్ధం చెప్పలేదు. దాని ఒంటికి ఈ మందు పడింది. కానీ జవ్వాది ఒళ్ళు వేరు, బుడమ ఒళ్ళు వేరు కదా? ఈ మందు ఒక్క దుప్పి చెవి వెనకైనా ఎవరైనా పెట్టి చూశారా?

పొన్ని దొప్పను కింద పెట్టింది. తన వెనక కాలి గిట్ట అందులో ముంచి, తన ఎడమ చెవి వెనక రాసుకుంది. చల్లగా హాయిగా ఉంది. మంట లేదు. ఇంత హాయిగా ఉన్నదాన్ని బిడ్డకు పూయకుండా నా చెవికి రాసుకుని కూర్చున్నాను, నాకంటే పిచ్చిది ఉంటుందా అనుకుని తనను తానే తిట్టుకుంది.

అప్పుడే మద్దిచెట్టు కొన మీద నుంచి తాయమ్మ కేక వినిపించింది. "ఖర్ర్, ఖర్ర్." చిరుత దిగింది.

"బుడమా, ముడుచుకో. కదలకు," అంది పొన్ని.

బుడమ ముడుచుకుంది. గాలి లేదు. గడ్డి పరక కూడా ఊగడం లేదు. దొన వైపు నుంచి అడుగుల చప్పుడేమీ రాలేదు గాని, పిట్టలన్నీ ఒక్కసారిగా ఊరుకున్నాయి. చిరుత ఎటు నుంచి వస్తోందో ఆ నిశ్శబ్దమే చెప్పింది.

"అమ్మా, దురద," అంది బుడమ నోట్లో నోట్లో.

"ఓర్చుకో నా తల్లీ."

"ఓర్చుకోలేనమ్మా." బుడమ వెనక కాలు వణుకుతూ పైకి లేచింది. పొన్ని తన మెడతో ఆ కాలిని నేలకు అదిమింది. పొట్ట కింద పొక్కుల మీద నాలుకతో మెల్లగా నాకింది. జవ్వాది మందు పూసి ఉంటే ఇప్పుడు ఈ కాలు కదిలేది కాదేమో! ఈపాటికి గురవమ్మ పిల్లలు గాఢనిద్రలో ఉంటాయి. నా బిడ్డ చస్తే దానికి కారణం నేనే, అనుకుంది పొన్ని.

గడ్డి చివర పసుపురంగు వీపు కదిలింది. ఇక కాలిని అదిమి లాభం లేదు.

పొన్ని ఒక్క దూకుతో బయటి మైదానంలోకి వచ్చింది. తోక నిక్కబెట్టి, ముందరి గిట్టతో నేలను టపటపా కొట్టి, చిరుత కళ్ళలోకి సూటిగా చూస్తూ అరిచింది. దొంగలా వచ్చి పట్టేది చిరుత పద్ధతి. ఎదుటివాళ్ళు చూశాక దాని వేట చెడినట్టే. పైగా మద్దిచెట్టు మీద కొండముచ్చులన్నీ ఒకటే గోల. చిరుత కాసేపు అటూ ఇటూ చూసి, పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. రేపు వస్తాను అన్నట్టుంది ఆ చూపు.

తెల్లారింది. పొన్ని రాత్రంతా కన్ను మూయలేదు. దొనకు పోయే దారిలో గురవమ్మ ఎదురైంది. దాని పిల్లలు చిందులేస్తున్నాయి.

"హాయిగా నిద్రపోయాం పొన్నీ. ఏమిటీ, నువ్వు పూయనే లేదా? దొప్ప తెచ్చుకుని అలాగే ఉంచావా?" గురవమ్మ ముక్కు మీద వేలేసుకోలేదు గాని, అంతపనీ చేసింది. "తల్లివై ఉండి బిడ్డ గోక్కుంటుంటే చూస్తూ కూర్చున్నావన్నమాట."

పొన్నికి తల కొట్టేసినట్టయింది. వెనక్కి పరుగెత్తింది. ఆచారం లేదు, గీచారం లేదు. ఇప్పుడే పూసెయ్యాలి. గడ్డి దగ్గరికి చేరి, బుడమను ఎండ పడే చోటికి పిలిచి, జవ్వాది దొప్పను నోట కరిచింది.

ఎడమ చెవి వెనక చురుక్కుమంది.

ఈగ కుట్టిందనుకుని చెవి విదిలించింది. మళ్ళీ చురుక్కుమంది. కొండ మీద నుంచి పొద్దు పైకి వచ్చింది. ఎండ నేరుగా చెవి మీద పడింది. ఈసారి నిప్పుకణిక పెట్టినట్టు భగ్గుమంది. పొన్ని దొప్ప వదిలేసి చెట్టు నీడకు దూకింది. నీడలోకి రాగానే మంట కొంచెం తగ్గింది. చెవి ఎండలోకి చాపి చూసింది. మళ్ళీ భగ్గుమంది.

అప్పుడు దానికి అర్థమైంది. జవ్వాది పొద్దు కుంకాక లేచి, పొద్దు పొడవకముందే తొర్రలో దూరుతుంది. దాని ఒంటికి ఎండ అంటే ఏమిటో తెలియదు. ఈ మందు చీకటి చూసింది గాని, ఇంతవరకూ ఎండ చూడలేదు.

దొన గట్టు నుంచి పందిపిల్లల కీచులాట వినబడింది.

"బుడమా, ఈ నీడ వదలకు," అని పొన్ని అటు పరుగు తీసింది. గట్టు మీద గురవమ్మ పిల్లలు నేల మీద పడి దొర్లుతున్నాయి. కుందేళ్ళ వీపుల మీద బొబ్బలు లేస్తున్నాయి. మంటకు తాళలేక అవి ఎండలో ఇంకా ఇంకా పరుగెత్తుతున్నాయి. పైన కొండచరియ మీద పడుకున్న చిరుత ఆ అరుపులకు తలెత్తి చూస్తోంది.

"నీడకు పొండి. ఎండలో ఉండొద్దు. బురదలో దిగి ఆ మందు కడుక్కుని, పొదల్లోకి పొండి," అని పొన్ని గట్టిగా చెప్పింది. తన ఒళ్ళూ మండిపోతుంటే గురవమ్మకు కాళ్ళాడలేదు. పొన్నే పందిపిల్లలను ఒక్కొక్కదాన్నీ మూతితో నెట్టుకుంటూ బురదలోకి, అక్కడి నుంచి పొదల్లోకి తోలింది. చిరుత కిందికి దిగేసరికి గట్టు ఖాళీగా ఉంది.

కాసేపటికి మద్దిచెట్టు కింద అందరూ చేరారు. తాయమ్మ వంగి ఆ బొబ్బలను ఒక్కొక్కటీ పరిశీలించి చూసింది. "బావంచి గింజ నేనెప్పుడూ వాడలేదు. నాకు దాని గుణం తెలియదు," అంది. గురవమ్మ కొడుకు పోయి జవ్వాదిని నిద్ర లేపి తీసుకొచ్చాడు.

జవ్వాది ఆవలిస్తూ వచ్చింది. పొగడ్తలకు పిలిచారనుకుందో ఏమో, ఇంకాస్త మందు ఒంటికి దట్టంగా పట్టించుకుని మరీ వచ్చింది.

"నీ మందుకు ఎండ పడదు జవ్వాదీ," అంది పొన్ని. "ఇటు రా, నీడలో నిలబడి మాట్లాడు."

"నా మందుకు వంక పెడుతున్నావా? బురదలో పొర్లే పందులకు బొబ్బలు రాక పూలు పూస్తాయా?" జవ్వాది ఎండలోకి ఎగిరి పెద్ద బండ మీద నిలబడింది. "చూడండి. ఇదే మందు, ఇదే ఎండ. నాకేమైనా అయిందా?"

"నీడకు రావే తల్లీ," అంది తాయమ్మ.

"రాను. మీ అందరి కళ్ళూ తెరిపించేదాకా రాను."

ఎండ చిటపటలాడుతోంది. జవ్వాది మూతి బిగించుకుని నిలబడింది. దాని వీపు చర్మం ఒకసారి అదిరింది. మళ్ళీ అదిరింది. పొన్ని చూడలేక, "చాలు జవ్వాదీ, ఎవరూ నిన్ను ఏమీ అనరు, దిగు," అని బతిమాలింది. జవ్వాది దిగలేదు. దిగితే ఓడిపోయినట్టు కదా! పళ్ళు బిగబట్టి నిలబడింది. చివరికి కాళ్ళు మడతపడి బండ మీద నుంచి కింద పడ్డాకే అది నీడకు వచ్చింది, అది కూడా గురవమ్మ ఈడ్చుకొస్తే.

దాని వీపంతా బొబ్బలే. నిగనిగలాడే బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చింది. ఏడుస్తూ తాయమ్మ కాళ్ళు పట్టుకుంది. "అవ్వా, ఏదో ఒకటి పూయి. మండిపోతోంది."

"చన్నీళ్ళు పోస్తాను. నీడలో పడుకో. పుండు మీద ఏ మందూ పెట్టను, పచ్చి ఆరనీ," అంది తాయమ్మ, ఆకుదోనెలో నీళ్ళు తెస్తూ. ఆ చన్నీళ్ళ కోసం జవ్వాది ఎండలు తగ్గేదాకా రోజూ మద్దిచెట్టు కిందికి రావలసి వచ్చింది. వీపు మీద బొచ్చు మాత్రం మళ్ళీ మునుపటిలా రాలేదు.

ఆ సాయంత్రం పొన్ని బుడమ కుడి చెవి మడిచి చూసింది. కానుగ ముద్ద పెట్టిన చోట ఎరుపు లేదు, పొక్కు లేదు. చీకటీ చూసింది, ఎండా చూసింది. పొన్ని అప్పుడు తాయమ్మ మందును బుడమ మెడకు, పొట్టకు, తొడలకు నిండా పట్టించింది. ఆ కంపు ఎంత ఘాటుగా ఉందో, పొన్నికి అంత ప్రాణం లేచి వచ్చింది.

ఒకటి రెండు పూతలకే పొలుసులు రాలడం మొదలైంది.

ఒక సందెవేళ మద్దిచెట్టు మీద నుంచి మళ్ళీ కేక వచ్చింది. పొన్ని మేత దగ్గర ఉంది. తిరిగి వచ్చే వ్యవధి లేదు. దూరం నుంచే చూసింది. చిరుత గడ్డిలోకి దిగింది. నేరుగా బుడమ పడుకున్న చోటికే నడిచింది. దాని తోక తగిలి బుడమ పక్కనున్న పరకలు ఊగాయి. అరిస్తే కూన ఉలిక్కిపడి కదులుతుందేమోనని పొన్ని ఉన్నచోటే ఆగింది.

బుడమ కదలలేదు. ముక్కు మీద చీమ పాకుతోంది, అయినా కదలలేదు. దాని చుక్కలు ఎండుటాకుల మీది వెలుగు మచ్చల్లో కలిసిపోయాయి. చిరుత ఆగి, వాసన చూసి, కానుగ కంపు తప్ప ఇంకేమీ తగలక ముందుకు నడిచి వెళ్ళిపోయింది.

పొన్ని వచ్చేదాకా బుడమ అలాగే పడుకుని ఉంది. "అమ్మా, వెళ్ళిపోయిందా?" అని అడిగింది. పొన్ని కూన ముఖమంతా నాకింది.

నీతి: మనకు పడిన మందు అందరికీ పడుతుందని అనుకోకూడదు. ఆపద ఎంత తొందరపెట్టినా పరీక్షించి చూడనిదాన్ని నమ్మకూడదు.